పొయ్యి ఎక్కని మిఠాయి

తీపి వంటకం అనగానే మనకు ముందుగా పొయ్యి గుర్తుకు వస్తుంది. పాకం ముదరాలి, నేయి కాగాలి, పాలు ఇగరాలి. పండుగనాడు వంటింటి నుండి వచ్చే ఆ పరిమళమే సగం పండుగ. అయినప్పటికీ నిప్పుతో నిమిత్తం లేని తీపి పదార్థాలు మనకు కొత్తవి కావు. నాగుల చవితికి తెలుగు ఇండ్లలో నువ్వులు, బెల్లం కలిపి రోట దంచే చిమ్మిలికి పొయ్యితో పనిలేదు. తడి బియ్యప్పిండిలో బెల్లం కలిపి చేసే పచ్చి చలిమిడికీ, శ్రీరామనవమి పానకానికీ అంతే. రంజాన్ మాసంలో ఇఫ్తార్ వేళ దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నవారి చేయి మొదట సాగేది ఖర్జూరపు పండు వైపే. ప్రకృతి ఎండలో వండి పెట్టిన మిఠాయి అది.

ఇటీవలి సంవత్సరాలలో పట్టణాలలో ఈ పాత పద్ధతికి ఒక కొత్త రూపం వచ్చింది. బాదం, జీడిపప్పు, అక్రోటు వంటి గింజలను ఖర్జూరంతో కలిపి నూరి, కోకో పొడి చేర్చి, ఉండలుగానో బిళ్ళలుగానో చేసి, వండనివి, చక్కెర లేనివి, పౌష్టికమైనవి అన్న పేరుతో అందమైన పెట్టెలలో అమ్ముతున్నారు. వాటి ధర సామాన్య విద్యార్థికి అందేది కాదు. ఈ మిఠాయిలు నిజంగా పౌష్టికమైనవేనా? అయితే ఆ పుష్టి ఎక్కడి నుండి వస్తున్నది? వండకపోవడం వలననా, బాదం వలననా, కోకో వలననా? తక్కువ ఖర్చుతో వాటిని మనమే తయారు చేసుకొనవచ్చునా? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేర్లలోని చరిత్ర

మేము బోధించేది భాష కనుక మొదట పేర్ల దగ్గర ఆగుదాం. ఖర్జూరం సంస్కృత పదం. ఉర్దూలోని ఖజూర్ కూడా ఆ మూలం నుండి పుట్టినదే. బాదం, పిస్తా, కిస్మిస్, అంజీర్ అన్నవి పారశీక భాష నుండి ఉర్దూ ద్వారా మన నోటికి వచ్చిన మాటలు. పండుగనాడు మన ఇండ్లలో చేసే షీర్ ఖుర్మాలో షీర్ అంటే పాలు, ఖుర్మా అంటే ఖర్జూరం. రెండూ పారశీక పదాలే. ఈ మాటలను వాడేటప్పుడు ఇది మా భాష, అది మీ భాష అన్న భేదం ఎవరికీ తోచదు.

జీడిపప్పు కథ మరింత వింతైనది. నల్లజీడి మన అడవులలో పూర్వం నుండి ఉన్న చెట్టు. పదహారవ శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుండి ఒక కొత్త చెట్టును తెచ్చినప్పుడు, దాని గింజ పెంకులోని నూనె నల్లజీడి వలెనే చర్మాన్ని పొక్కించడం చూచి, మనవారు దానిని జీడిమామిడి అన్నారు. ఉర్దూవారు పోర్చుగీసువారి పలుకుబడిని అనుసరించి కాజూ అన్నారు. వేరుశనగ కూడా దక్షిణ అమెరికా ఖండం నుండి వచ్చినదే. దానిని తెలంగాణలో పల్లీలు అంటాము, రాయలసీమలో శెనక్కాయలు అంటారు. వేరున కాసే శనగ అని పేరు పెట్టుకున్నాము గాని, నిజానికి ఆ కాయ వేరుకు కాయదు. పూవు వాడిన తరువాత దాని మొదలు నుండి ఒక ఊడ నేలలోకి దిగి, అక్కడ కాయగా మారుతుంది.

కోకో చెట్టు పుట్టిల్లు అమెజాన్ నది ఎగువ ప్రాంతం. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలలో మాయా, ఆజ్టెక్ జాతులు కోకో గింజలను నూరి పానీయంగా సేవించేవారు. ఆజ్టెక్ రాజ్యంలో ఆ గింజలు నాణెములుగా కూడా చెలామణి అయ్యేవి. 1753లో లిన్నేయస్ అనే వృక్షశాస్త్రవేత్త దానికి గ్రీకు భాషలో దేవతల ఆహారం అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. 1828లో హాలండులో వాన్ హౌటెన్ కుటుంబం గింజల నుండి కొవ్వును పిండి తీసే యంత్రానికి పేటెంటు పొందిన తరువాతనే మనం నేడు చూచే కోకో పొడి సాధ్యమైంది. 1847లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ఫ్రై సంస్థ కొరికి తినదగిన చాక్లెట్ బిళ్ళను తయారు చేసింది. పాలు కలిపిన చాక్లెట్ 1875లో స్విట్జర్లాండులో డేనియల్ పీటర్ చేతిలో రూపు దిద్దుకున్నది. ఇంత దూరపు పంట నేడు మన గోదావరి జిల్లాల కొబ్బరి తోటల నీడలో అంతరపంటగా పండుతున్నది. కోకో పండించే రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్‌ది అగ్రస్థానం.

ఇక్కడ ఒక పదాన్ని సరిచూచుకోవాలి. మన వాడుకలో పిప్పరమెంటు బిళ్ళ మొదలు రంగు రంగుల గోళీల వరకు, కాగితం చుట్టిన ప్రతి తీపి బిళ్ళా చాక్లెట్టే. జన్మదినానికి తరగతిలో పంచేవి చాలవరకు ఉడికించిన చక్కెర బిళ్ళలు. వాటిలో కోకో అణుమాత్రమైనా ఉండదు. కావున చాక్లెట్ మంచిది అని పత్రికలలో చదివినప్పుడు, ఆ మాట దేనిని గూర్చి అన్నదో తెలుసుకొనక తప్పదు.

గింజలలోని బలం

మొలకెత్తబోయే మొక్కకు తొలి దినాలలో కావలసిన ఆహారాన్ని ప్రకృతి గింజలో భద్రపరుస్తుంది. అందుచేతనే గింజలలో మాంసకృత్తులు, కొవ్వు, ఖనిజ లవణాలు సమృద్ధిగా ఉంటాయి. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా ఆరంభమై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థ అనే పేరుతో పనిచేస్తున్న సంస్థ మన దేశపు ఆహార పదార్థాల విలువలను లెక్కకట్టి గ్రంథరూపంలో అందించింది. ఆ పట్టికలను చూచినవారికి ఒక ఆశ్చర్యం కలుగుతుంది.

100 గ్రాముల బాదం పప్పులో మాంసకృత్తులు సుమారు 21 గ్రాములు. జీడిపప్పులోనూ సుమారు అంతే. వేరుశనగలో సుమారు 25 గ్రాములు! కొవ్వు వేరుశనగలో సుమారు 40 గ్రాములు కాగా, బాదంలో 59 గ్రాముల వరకు ఉంటుంది. నువ్వులలో మాంసకృత్తులు 18 గ్రాములే అయినా, పొట్టు తీయని నువ్వులలో సున్నపు ధాతువు, అనగా కాల్షియం, 1400 మిల్లీగ్రాములు దాటుతుంది. బాదంలో అది 230 మిల్లీగ్రాములు మాత్రమే. అయితే నువ్వుల పొట్టులోని కాల్షియంలో చాలా భాగం ఆక్సలేటు రూపంలో ఉండి శరీరానికి పూర్తిగా అందదు. ఈ సంగతి కూడా చెప్పుకోవడం న్యాయం.

బాదంలో ప్రత్యేకత లేదని మా అభిప్రాయం కాదు. విటమిన్-ఇ, పీచు, గుండెకు మేలుచేసే కొవ్వు అందులో ఎక్కువ. అక్రోటులో ఒమేగా-3 తరగతికి చెందిన కొవ్వు ఉన్నది. అయితే ఆకలితో పెరిగే వయసులో ఉన్న విద్యార్థికి ముందుగా కావలసిన మాంసకృత్తుల లెక్కలో, పలాసలో శుభ్రమై వచ్చే జీడిపప్పుకు గాని, దూరదేశం నుండి దిగే బాదానికి గాని, అనంతపురం మెట్టభూమిలో పండే పల్లీ ఏ విధంగానూ తీసిపోదు. ధరలో మాత్రం వాటికీ దీనికీ హస్తిమశకాంతరం. బలమైన తిండి డబ్బున్నవారి సొత్తు అన్న భావం మనలో పాతుకుపోయి ఉన్నది. గింజల విషయంలో అది నిజం కాదు.

తీపి ఎక్కడిదైనా తీపే

ఈ మిఠాయిలను చక్కెర లేనివి అని వర్ణించడం వాడుక. గిన్నెలో చక్కెర వేయలేదు గనుక మాట వరకు నిజమే. కాని ఎండు ఖర్జూరం బరువులో మూడింట రెండు వంతులు స్వాభావికమైన చక్కెరలే. గుండ చక్కెర కన్న ఖర్జూరం మేలు అనడానికి కారణాలు లేకపోలేదు. పండు మొత్తం తింటున్నాము కనుక పీచు, పొటాషియం వంటి లవణాలు వెంట వస్తాయి. గింజలలోని కొవ్వు, పీచు తోడైనప్పుడు ఆ తీపి రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. అయినా మధుమేహం ఉన్నవారు వైద్యుని అడగకుండా దీనిని చక్కెర లేని మిఠాయి అని నమ్మి తినరాదు.

బెల్లం, తేనె సంగతి వేరు. అవి సహజమైనవి కనుక ఎంత తిన్నా దోషం లేదని చాలామంది భావిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించిన సూచనల ప్రకారం మనం విడిగా చేర్చుకొనే చక్కెరలతో పాటు తేనెలోని చక్కెరలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. బెల్లం కూడా చెరకు రసం నుండి తీసి చేర్చుకొనే తీపియే గదా! రోజు మొత్తం శక్తిలో అటువంటి చక్కెరల వంతు పదింట ఒకటికి మించరాదు. ఇరవైలో ఒకటికి తగ్గితే మరింత మంచిది. 2000 కిలోకేలరీల ఆహారం తీసుకొనేవారికి పదింట ఒక వంతు అంటే 50 గ్రాములు. ఉదయం, సాయంత్రం తీపి టీ త్రాగేవారికి ఆ లెక్కలో మిగిలేది కొద్దిగానే.

కోకో గుణదోషాలు

తీపి కలపని కోకో పొడి చేదుగా ఉంటుంది. ఆ చేదుకు కారణమైన పదార్థాలలోనే దాని గుణం కూడా ఉన్నది. అందులో పీచు, ఖనిజాలు, ఫ్లేవనాల్స్ అనే పదార్థాలు ఉన్నాయి. ఇవి రక్తనాళాలకు కొంత మేలు చేస్తాయని పరిశోధనలు సూచిస్తున్నాయి. అయితే నలుపు రంగు, మృదువైన రుచి కోసం క్షారంతో శుద్ధి చేసిన కోకోలో ఈ ఫ్లేవనాల్స్ చాలవరకు నశిస్తాయి. పాల చాక్లెట్‌లో సుమారు సగం బరువు చక్కెరదే. చవక రకాలలో కోకో వెన్నకు బదులు ఇతర వనస్పతి కొవ్వులు కలుపుతారు. కావున కొనేటప్పుడు పెట్టె మీది బొమ్మను గాక, వెనుక చిన్న అక్షరాలలో ఉన్న పదార్థాల వరుసను చదవవలెను. తీపి కలపని కోకో పొడి అని ఉంటేనే అది మన పనికి వచ్చేది.

కోకోలో థియోబ్రొమిన్, కొద్దిగా కెఫీన్ అనే ఉత్తేజక ద్రవ్యాలు ఉన్నాయి. పరీక్షల కాలంలో అర్ధరాత్రి వేళ దీనిని తిని నిద్ర రాలేదని బాధపడేకంటే పగటిపూట తినడం మంచిది. మరొక ముఖ్యమైన సంగతి: టీ వలె కోకో కూడా ఆహారంలోని ఇనుమును శరీరం గ్రహించకుండా కొంత అడ్డుపడుతుంది. దీని ప్రాధాన్యం మున్ముందు తెలుస్తుంది.

పచ్చి అన్న మాటలోని భ్రమ

వండని ఆహారమే ఉత్తమమని, నిప్పు తగిలితే సారమంతా పోతుందని వాదించేవారు ఉన్నారు. వేడికి విటమిన్-సి వంటివి నశించే మాట నిజమే. కాని గింజల బలం మాంసకృత్తులలో, కొవ్వులో, ఖనిజాలలో ఉన్నది. కొద్దిపాటి వేపుడుకు అవి ఎక్కడికీ పోవు. పైగా పచ్చి వేరుశనగలో మాంసకృత్తుల జీర్ణక్రియను ఆటంకపరిచే పదార్థాలు ఉంటాయి. సన్నని సెగపై దోరగా వేయిస్తే అవి తగ్గుతాయి, రుచి పెరుగుతుంది, పొట్టు సులువుగా ఊడుతుంది, హానికరమైన సూక్ష్మజీవుల భయం కూడా తగ్గుతుంది. మన పెద్దలు పల్లీలను వేయించే తినడంలో ఔచిత్యం ఉన్నది.

బజారులో పచ్చి జీడిపప్పు అన్న పేరుతో దొరికేది కూడా నిజానికి పచ్చిది కాదు. పెంకులోని పొక్కించే నూనె తగలకుండా పప్పు తీయడానికి కర్మాగారంలో గింజలను ఆవిరిపట్టడమో వేయించడమో చేస్తారు. కోకో గింజల సంగతీ అంతే. కాయ కోసిన తరువాత ఆ గింజలను కొన్ని దినాలు పులియబెట్టినప్పుడు కుప్ప లోపల వేడి 45 డిగ్రీల సెంటీగ్రేడు దాటుతుంది. తరువాత ఎండబెట్టి, సాధారణంగా వేయిస్తారు. ఆ పులియడం లేకపోతే చాక్లెట్ వాసనే పుట్టదు. కావున ఈ మిఠాయిల గొప్పతనం పచ్చిదనంలో లేదు. మైదా, వనస్పతి, గుండ చక్కెర, కృత్రిమమైన రంగు లేకపోవడంలో, గింజనూ పండునూ సారం తీసివేయకుండా మొత్తంగా వాడడంలో ఉన్నది. ఈ ఒక్క సంగతి గ్రహిస్తే మిగిలిన ప్రచారమంతా దానంతట అదే తేలిపోతుంది.

తయారుచేసే విధానం

ఇక ఆచరణకు వద్దాం. మూడు రకాలను ఇక్కడ వివరిస్తున్నాము. రోలు గాని మిక్సీ గాని ఉంటే చాలు.

మొదటిది పల్లీ-ఖర్జూరపు కోకో ఉండ. దోరగా వేయించి పొట్టు తీసిన పల్లీలు 100 గ్రాములు, గింజ తీసిన మెత్తని ఖర్జూరం 100 గ్రాములు, తీపి కలపని కోకో పొడి 20 గ్రాములు, రెండు ఏలకుల పొడి, చిటికెడు ఉప్పు తీసుకొనవలెను. వేయించే సౌకర్యం లేని విద్యార్థులు బజారులో దొరికే వేయించిన పల్లీలే వాడవచ్చును. పల్లీలు చల్లారిన తరువాతనే మిక్సీలో వేసి, ఆపి ఆపి త్రిప్పవలెను. ఒక్క బిగిని త్రిప్పితే నూనె తేలి ముద్ద అవుతుంది. బరకగా నలిగిన తరువాత ఖర్జూరం, కోకో, ఏలకుల పొడి, ఉప్పు వేసి మరల త్రిప్పితే, చేతితో నొక్కినప్పుడు విడిపోని ముద్ద తయారవుతుంది. ఖర్జూరం మరీ ఎండినదైతే ముందుగా పది నిమిషాలు గోరువెచ్చని నీటిలో నానబెట్టి, బాగుగా తుడిచి వాడవలెను. ఈ ముద్ద 220 గ్రాములు తూగుతుంది. 20 గ్రాముల చొప్పున 11 ఉండలు చేయవచ్చును. ఒక్కొక్క ఉండలో శక్తి సుమారు 80 నుండి 85 కిలోకేలరీలు, మాంసకృత్తులు 3 గ్రాములకు కొద్దిగా లోపు, చక్కెరలు సుమారు 6 గ్రాములు ఉంటాయి.

రెండవది కోకో చిమ్మిలి. నువ్వులు 100 గ్రాములు, తురిమిన బెల్లం 75 గ్రాములు, కోకో పొడి 10 గ్రాములు. నువ్వులలో ఇసుక లేకుండా చూచుకొని, కడిగి, పూర్తిగా ఆరబెట్టి, మొదట నువ్వులను, తరువాత బెల్లం చేర్చి దంచవలెను. నువ్వుల నుండి వచ్చే నూనెయే ముద్దను పట్టి ఉంచుతుంది. నేయి అవసరం లేదు. కోకో చివరకు కలపవలెను. చేదు ఇష్టం లేనివారు కోకో మానివేసినా లోపం లేదు. అప్పుడది మన నాయనమ్మల నాటి చిమ్మిలియే. ఈడు వచ్చిన ఆడపిల్లలకు చిమ్మిలి పెట్టే ఆచారం అనేక తెలుగు కుటుంబాలలో ఉన్నది. బలమైన తిండి అవసరమైన వయసును పెద్దలు గుర్తించారు అనడానికి అది నిదర్శనం.

మూడవది పైన చాక్లెట్ పూత గల బాదం బిళ్ళ. ఇది పండుగలకు, అతిథులకు. బాదం 50 గ్రాములు, వేయించిన పల్లీలు 50 గ్రాములు, ఖర్జూరం 80 గ్రాములు, రెండు అంజీర్ పండ్లు మొదటి విధానంలోనే నూరి, పళ్ళెంలో అరంగుళం మందాన పరచి అదమవలెను. పెద్ద చెంచాతో రెండు చెంచాల కోకో పొడి, రెండు చెంచాల కరిగిన కొబ్బరి నూనె, ఒక చెంచా తేనె కలిపి పైన పూయవలెను. దీనిని శీతల పేటికలో గంటసేపు ఉంచితే పూత గట్టిపడుతుంది. అప్పుడు కత్తితో బిళ్ళలుగా కోయవలెను. కొబ్బరి నూనె సుమారు 24 డిగ్రీల వద్దనే కరుగుతుంది కనుక మన వేసవిలో ఈ పూత బయట నిలువదు. నిజమైన చాక్లెట్‌లోని కోకో వెన్న కూడా సుమారు 34 డిగ్రీలకు కరిగిపోతుంది. నాలుక మీద చాక్లెట్ కరిగే రహస్యం అదే. ఏప్రిల్ నెలలో మన సంచిలో అది కరిగిపోవడానికి కారణమూ అదే. మొదటి రెండు రకాలకు ఈ బెడద లేదు.

తడి తగలని చెంచాతో, మూత బిగువైన డబ్బాలో ఉంచితే మొదటి రెండు రకాలు ఒక వారం నిలుస్తాయి. బాదం నానబెట్టి పొట్టు తీసి వాడేవారు, తేమ వలన బూజు త్వరగా పడుతుంది గనుక, ఒకటి రెండు దినాలలోనే తినివేయవలెను. వాసన మారినా, రుచి కాటు వచ్చినా పారవేయవలెను.

మరువరాని జాగ్రత్తలు

పల్లీల ఎంపికలో మన ఇండ్లలో చాలినంత శ్రద్ధ కనబడదు. బూజు పట్టిన గింజలలో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోగా, కారణం వెదికిన శాస్త్రవేత్తలకు వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో ఈ విషం కనబడింది. 1974లో గుజరాత్, రాజస్థాన్ రాష్ట్రాలలోని కొన్ని గ్రామాలలో బూజు పట్టిన మొక్కజొన్న తిని నూరుమందికి పైగా మరణించారు. ఈ విషం కాలేయానికి శత్రువు. వేయించినా ఇది పూర్తిగా పోదు. అందుచేత ముడతలు పడినవి, రంగు మారినవి, చేదైనవి అగు గింజలను నిర్దాక్షిణ్యంగా ఏరి పారవేయవలెను. చేదు బాదం గింజను కూడా నోటికి తగలగానే ఉమ్మివేయవలెను. దానిలో సైనైడ్‌ను పుట్టించే పదార్థం ఉంటుంది.

కొందరి శరీరానికి పల్లీలు, బాదం, నువ్వులు వంటివి పడవు. పెదవులు వాయడం, దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం దాని లక్షణాలు. అది ప్రాణాపాయం దాకా పోవచ్చును. కావున తరగతిలో పంచేటప్పుడు ఇందులో ఏమేమి ఉన్నవో ముందుగా చెప్పడం మర్యాద మాత్రమే కాదు, బాధ్యత కూడా. చిన్నపిల్లల గొంతులో విడి గింజలు అడ్డుపడే ప్రమాదం ఉన్నది కనుక వారికి మెత్తగా నూరి పెట్టవలెను. ఏడాది నిండని శిశువుకు తేనె పెట్టరాదు.

మితం అన్నింటికన్న ముఖ్యం. పౌష్టికం అన్న పేరు చూచి డబ్బా ఖాళీ చేస్తే అది పుష్టి కాదు, పొట్ట. రోజుకు రెండు ఉండలు చాలును. భోజనానికి అదనంగా గాక, బజారు తిండికి బదులుగా తిన్నప్పుడే వాటి ప్రయోజనం.

రక్తహీనత: ఆశ, వాస్తవం

ఖర్జూరం, బెల్లం, నువ్వులు తింటే రక్తం పడుతుంది అనే మాట మన ఇండ్లలో తరచు వినబడుతుంది. ఈ మాటను కొలిచి చూడవలసిన అవసరం ఉన్నది. ఎందుకంటే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 సంవత్సరాల వయసు గల స్త్రీలలో తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. మన తరగతి గదులలో మొదటి బెంచీ నుండి చివరి బెంచీ వరకు కూర్చున్న విద్యార్థినులకు ఈ లెక్కను అన్వయించి చూస్తే దాని బరువు తెలుస్తుంది. పాఠం వింటూ కునుకుపాట్లు పడే విద్యార్థినిని మనం సోమరి అనుకుంటాము. ఆమె రక్తంలో ఇనుము లేకపోవచ్చునని మనకు తోచదు.

భారత వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసుల ప్రకారం వయోజన స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. మనం చేసిన రెండు పల్లీ ఉండలలో లభించేది ఒక మిల్లీగ్రాముకు కొద్దిగా ఎక్కువ. రెండు చిమ్మిలి ఉండలలో రెండు మూడు మిల్లీగ్రాములు ఉండవచ్చును. అందులోనూ గింజలలోని ఫైటేట్లు, కోకోలోని పదార్థాలు అడ్డుపడగా శరీరం గ్రహించేది స్వల్పమే. కనుక ఈ మిఠాయి రక్తహీనతకు మందు అని ఎవరైనా చెప్పితే నమ్మరాదు. రక్త పరీక్ష, వైద్యుని సలహా, ప్రభుత్వం ఇచ్చే ఐరన్-ఫోలిక్ ఆమ్లపు మాత్రలు, ఆకుకూరలు, పప్పు, తినేవారికి మాంసం, ఇవే అసలైన మార్గాలు. ఖర్జూరం తింటున్నామని మాత్రలు మానివేయడం ఆత్మవంచన అవుతుంది.

మరి ఈ ఉండ వలన ప్రయోజనం ఏమిటి? ఉన్నది. రెండు ఉండలలో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు లభిస్తాయి. 55 కిలోల బరువున్న యువతికి రోజుకు కావలసిన 46 గ్రాములలో అది ఎనిమిదవ వంతు. ఉదయం ఏమీ తినకుండా బస్సు ఎక్కి వచ్చిన విద్యార్థికి పదకొండు గంటల వేళ అది నిజమైన ఆధారం. చిమ్మిలిలో కోకో మానివేసి, దానితో పాటు ఒక జామకాయ గాని నారింజ గాని తింటే, ఆ పండులోని విటమిన్-సి ఇనుమును గ్రహించడానికి తోడ్పడుతుంది. వెంటనే టీ త్రాగకుండా గంట ఆగడం కూడా అంతే అవసరం. చిన్న విషయాలే అయినా ప్రతి దినం పాటిస్తే వాటి ఫలం చిన్నది కాదు.

ఒక మనవి

ఈ సందర్భంగా కళాశాల పాలకవర్గానికి ఒక మనవి చేయదలచాము. కళాశాల ఫలహారశాలలో చక్కెర బిళ్ళలకు, నూనెలో వేగిన తినుబండారాలకు తోడుగా పల్లీ-ఖర్జూరపు ఉండల డబ్బా ఒకటి ఉంచితే మేలు. దానిని విద్యార్థినీ విద్యార్థులే వారానికి ఒకమారు తయారు చేయవచ్చును. ఉర్దూ మాధ్యమం వారు, తెలుగు మాధ్యమం వారు ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుండి ఉండలు చుట్టేటప్పుడు భాషాబోధన మా ప్రమేయం లేకుండానే జరుగుతుంది. డబ్బా మీద అందులోని పదార్థాల పేర్లు రెండు లిపులలోనూ వ్రాయించవలెను. పల్లీలు పడనివారికి అది రక్షణ. అంతకన్న ముందుగా, ఏడాదికి ఒకమారు విద్యార్థినులందరికీ రక్త పరీక్ష చేయించే ఏర్పాటు కావలెను. రోగం ఎంత ఉన్నదో తెలియకుండా తిండిని గూర్చి ఉపన్యసించడం చీకటిలో సూది వెదకడం వంటిది.

విద్యార్థులకు మేము చెప్పదలచిన మాట ఇది. మిఠాయి పెట్టె మీద ఎంత గొప్ప పేరు ఉన్నా, దానిని చూచి చేయి చాచకండి. అందులో ఏమున్నది, ఎంత ఉన్నది, అందులోని వస్తువు మన ఊళ్ళో దొరకదా అని మూడు ప్రశ్నలు వేయండి. బాదం కొనగలిగినవారు బాదంతో చేసుకొనండి. లేనివారు పల్లీలతో చేసుకొనండి, బలంలో చిన్నబోవలసిన పని లేదు. చేసుకున్న ఉండలలో ఒకటి ప్రక్క బెంచీలో ఏమీ తినకుండా వచ్చినవారికి ఇవ్వండి, రెండవది మీరు తినండి.